పెరోల్ ఇవ్వడం ఎవరి పని?



జీవితఖైదు అనుభవిస్తున్న మనిషికి తల్లి పోయిందని కబురొస్తుంది. అతన్ని కర్మకాండలకు పంపే అధికారం ఎవరిది? వీధిలో ఎవరినడిగినా జడ్జిగారిదే అంటారు. చట్టం అలా అనదు. అపీలు నడుస్తున్నంతకాలం శిక్షను నిలిపి బెయిలిచ్చే అధికారం అపీలు కోర్టుది. అపీలు ముగిసి శిక్ష ఖాయమయ్యాక ఆ మనిషి జైలు నిబంధనల కిందికి వెళ్తాడు. జైళ్లు రాష్ట్రాల జాబితాలోవి కాబట్టి పెరోల్, ఫర్లో నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉంటాయి. పెరోల్‌కు చావో, జబ్బో, పెళ్లో ఏదో కారణం చూపాలి. ఫర్లో సత్ప్రవర్తన మీద వచ్చే సెలవు.

ఈ హద్దు ప్రభుత్వానికీ వర్తిస్తుంది. 1960 మార్చి 11న బొంబాయి హైకోర్టు నౌకాదళ అధికారి కమాండర్ నానావతికి హత్య కేసులో జీవితఖైదు వేసింది. అదే రోజు గవర్నరు ఆ శిక్షను నిలిపేశారు. దాంతో ఆయన మామూలు జైలుకు పోకుండా నౌకాదళం కస్టడీలోనే ఉండిపోయారు. వ్యవహారం తన ముందుకు వచ్చాక గవర్నరు ఉత్తర్వు చెల్లదని ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అపీలు కోర్టులో ఉండగా శిక్షను నిలిపే పనిలో గవర్నరు చెయ్యి పెట్టకూడదు. అపీలు ముగిశాక కోర్టు గవర్నరు కుర్చీలో కూర్చోకూడదు.

ఈ రెండో మాటను 2020లో తమిళనాడు నుంచి వచ్చిన నీలోఫర్ నిషా కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. శిక్ష పడిన ఖైదీ నిర్బంధం అక్రమం కాదు కాబట్టి, హెబియస్ కార్పస్ పిటిషన్ మీద హైకోర్టు సెలవు ఇప్పించరాదు. దరఖాస్తు మీద ముందు అధికారులు నిర్ణయం తీసుకోవాలి, అది నిబంధనల ప్రకారం ఉందో లేదో ఆ తర్వాత కోర్టు చూడవచ్చు. మరుసటి ఏడాది, అత్యాచారం కేసులో జీవితఖైదు అనుభవిస్తున్న నారాయణ్ సాయికి గుజరాత్ హైకోర్టు ఇచ్చిన రెండు వారాల ఫర్లోనూ సుప్రీంకోర్టు రద్దు చేసింది. జైల్లో అతని దగ్గర సెల్‌ఫోను దొరికిన సంగతిని కూడా లెక్కలోకి తీసుకుంది. ఫర్లో హక్కు కాదని చెప్పింది.

ఈ హద్దును నేను ఒప్పుకుంటాను. ఖైదీ ఊరికి వెళ్తే అక్కడి సాక్షులకూ బాధితుల ఇంటివాళ్లకూ ఏమవుతుందో జడ్జికి బల్ల ముందు కూర్చుని తెలియదు. కానీ తెలిసిన అధికారి ఏం రాస్తున్నాడో చూడండి. స్టేషన్ నుంచి వచ్చే నివేదికలో ‘శాంతిభద్రతలకు భంగం కలగవచ్చు’ అని ఒక్క ముక్క ఉంటుంది. ఎలా కలుగుతుందో, ఎవరివల్లో ఉండదు. పలుకుబడి ఉన్నవాడికైతే అదే కలం మరోలా నడుస్తుంది. క్షమాభిక్ష మీద 2006లో సుప్రీంకోర్టుకెక్కిన మన ఆంధ్రప్రదేశ్ కేసులో ఖైదీ ‘మంచి కాంగ్రెస్ కార్యకర్త’ అని కూడా కాగితాల్లో రాశారు! గవర్నరు ఉత్తర్వును కోర్టు కొట్టేసింది.

అన్నిటికన్నా పెద్ద బాధ ఆలస్యం. పెద్దకర్మ దాటాక వచ్చే అనుమతి ఎవరికి కావాలి? అపీలు ఇంకా నడుస్తుంటే మరో చిక్కు. అది హైకోర్టులో ఉంటే పెరోల్ దరఖాస్తు పరిశీలించబోమని, అక్కడికే వెళ్లమని ఢిల్లీ జైలు నిబంధనలు అంటాయి. పేదవాడికి అక్కడికి వెళ్లడానికి వకీలు ఎవరు?

అయినా సుప్రీంకోర్టు పూర్తిగా తలుపు మూసెయ్యలేదు. 2000లో సునీల్ ఫుల్‌చంద్ షా కేసులో రాజ్యాంగ ధర్మాసనం, అధికారి అకారణంగా నిరాకరిస్తే హైకోర్టు జోక్యం చేసుకోవచ్చంది. మౌనం కూడా నిరాకరణే అన్నది నా వాదన. చావు కారణంగా వచ్చిన దరఖాస్తుకు జైలు సూపరింటెండెంట్ ఒక్క రోజులో రాతపూర్వకంగా జవాబివ్వాలని నిబంధన పెట్టాలి. ఇవ్వకపోతే ఆ దరఖాస్తు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా నేరుగా హైకోర్టుకు చేరాలి. ఈ రెండూ చేయడానికి శాసనసభలో కొత్త చట్టం అక్కర్లేదు, నిబంధనల సవరణ చాలు. ఆ సవరణ కోరుతూ మన బార్ అసోసియేషన్ ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వాలని ఈ వేదిక మీదనుంచి అడుగుతున్నాను.