మన ఇంటి ఇంటర్నెట్టు - దాని తాళంచెవి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంటర్నెట్టు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము ఇంజనీర్లము కాము. మా ఇంట్లో చేసిన పొరపాట్లూ, వాటివల్ల నేర్చుకున్నదీ మీ ముందుంచుతాము.

ఒకప్పుడు గల్ఫులో ఉన్న బిడ్డ గొంతు వినాలంటే ఎస్.టి.డి. బూతు దగ్గర వరుసలో నిలబడేవాళ్ళం. ఇప్పుడు ముఖం చూస్తూ మాట్లాడుతున్నాం. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ, ఫోను అన్నారు. తీగను చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. పది నెలలు నిండకముందే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలతో పాటు స్తంభాలూ నేలకూలాయి. స్తంభం పడితే దానిమీది తీగ నిలుస్తుందా? కాబట్టి అయినవాళ్ళ నంబర్లు కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి. మామూలు కరెంటు కోతకైతే రౌటరుకు చిన్న బ్యాటరీ పెట్టె చాలు; తీగ బాగుంటే నెట్టు నడుస్తుంది.

రౌటరును ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టాలి. ఇనుప బీరువా వెనక పెట్టి సిగ్నల్ లేదంటే ఎలా?

ఇక అసలు సంగతి. మన వీధుల్లో అడిగినవాళ్ళకు లేదనడం అలవాటు లేదు. "వై-ఫై పాస్‌వర్డు ఏటి చాచా?" అని కుర్రాడు అడిగితే చెప్పేశాం. పాస్‌వర్డు ఏమిటంటారా, మా ఫోను నంబరే! వాడు ఇంకొకడికి చెప్పాడు. సాయంత్రమయ్యేసరికి మా అరుగు నిండిపోయేది. అది మాకు సంతోషమే. కానీ మా పాప ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టుకునే రోజున పేజీ తెరుచుకోలేదు.

నెమ్మదించడం చిన్న బాధే. పెద్దది వేరే ఉంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఈ-మెయిలు ఎక్కణ్ణించి వెళ్ళిందని వెతికితే, నవీ ముంబైలో ఒక ఇంటి వై-ఫై దొరికింది. పంపినవాళ్ళు వేరే, పోలీసులు వెళ్ళింది ఆ ఇంటికి. ఆ ఇంటాయన జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. కనెక్షను ఎవరి పేరున ఉందో మొదటి ప్రశ్న వాళ్ళకే. మనలో ఎవరి తలుపైనా అలా తడితే ఇల్లంతా ఎంత నలిగిపోతుందో మేము విడమరిచి చెప్పనక్కరలేదు.

చేయవలసింది కష్టమేమీ కాదు. పాస్‌వర్డులు రెండుంటాయి. ఒకటి వై-ఫైది, రెండోది రౌటరు సెట్టింగులది. చాలామంది మొదటిదే మారుస్తారు. రెండోది ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 'అడ్మిన్'గానే ఉండిపోతుంది. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము అలా మార్చని కెమెరాలనూ రౌటర్లనూ లక్షల సంఖ్యలో లొంగదీసుకుంది. జీడి బట్టీల దగ్గర, దుకాణాల్లో కెమెరాలు పెట్టుకున్నవారు ఇది గమనించాలి. కేబుల్ అబ్బాయి బిగించి వెళ్ళగానే రెండూ మార్చండి. ఒకదానితో ఒకటి సంబంధంలేని నాలుగైదు మాటలు కలిపితే గట్టి పాస్‌వర్డు. పుట్టినతేదీ, బండి నంబరు వద్దు. సెట్టింగుల్లో డబ్ల్యూ.పి.ఏ.-2 గానీ, ఉంటే 3 గానీ ఎంచుకోండి. డబ్ల్యూ.పి.ఎస్. అనే మీట ఆపేయండి. రౌటరు అప్‌డేట్ అడిగితే కానివ్వండి.

మరి వచ్చినవాళ్ళ మాటేమిటి? చాలా రౌటర్లలో 'గెస్టు' నెట్‌వర్కు వేరే ఉంటుంది. అది బయటి వరండా లాంటిది. లోపలి గదుల్లోని ఫోన్లు, కెమెరాలు కనబడవు. అయితే ఒక మాట: వరండా నుంచి చేసిన పని కూడా మన పేరు మీదే పోతుంది. అందుకని ముక్కూ మొహం తెలియనివారికి అదీ ఇవ్వకండి.

తాళం ఎంత గట్టిదైనా, ఫోనులో ఎవరో అడిగితే ఓ.టి.పి. చెప్పేవాళ్ళను అది కాపాడదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఆలస్యమైనకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

మా అరుగు మీద కుర్రాళ్ళు ఇప్పటికీ కూర్చుంటున్నారు. గెస్టు పాస్‌వర్డు పండగ పండక్కీ మారుస్తున్నాం. భోజనాలయ్యాక, రౌటరు కింద అంటించిన చీటీని ఫొటో తీసి తెచ్చినవారు మా దగ్గరికి రండి. ఇంటికెళ్ళి ఏది ఎక్కడ మార్చాలో కాగితం మీద రాసిస్తాము.