గోధుమ పడనివారి పథ్యము – చేతిఫోను సాయము



గోధుమ, బార్లీ, రై ధాన్యములందుండు గ్లూటెన్ అను మాంసకృత్తు సీలియాక్ వ్యాధి గలవారి చిన్నప్రేవులకు హాని చేయును. జీవితాంతము పథ్యమే దీనికి చికిత్స. గోధుమతో దీనికి గల సంబంధమును హాలెండు శిశువైద్యుడు విల్లెం డికె 1950లో తన సిద్ధాంతగ్రంథమున నిరూపించెను.

వరియన్నము తినువారికి భయమేల యని కొందఱందురు. కాని యంగడి యింగువలో గోధుమపిండి కలుపుట కలదు.

పొట్లముపై గీతల గుర్తును ఫోనునకు జూపిన దినుసులను దెలుపు యాప్‌లు నేడు కలవు. 2012లో ఫ్రాన్సున వెలసిన ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ అట్టిది. అందలి వివరములు జనులు చేర్చినవి, తప్పులుండవచ్చును. కావున పొట్లముపై ముద్రణమును గూడ చదువవలయును. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్నచో దానిని గ్లూటెన్ రహితమనుటకు మన దేశ నిబంధనలు ఒప్పవు.

అయినను మన పంక్తిలో వడ్డించు సాంబారునకు గీతల గుర్తు లేదు. దానిని ఏ యాపును చదువజాలదు. విస్తరి ముందు కూర్చుండి, తినక లేచిన బిడ్డను మేము చూచితిమి. ఆ తల్లి కంటనీరు మనకందఱకును సిగ్గు.

కావున పోషకులకు మా విన్నపము: వంటకముల దినుసుల పట్టికను ముందునాడే సభ్యుల ఫోనులకు పంపుడు. ఇంగువ లేని సాంబారును వేఱు పాత్రలో, వేఱు గరిటెతో ఉంచుడు. వ్యయము స్వల్పము, ఆ బిడ్డయు మన పంక్తిలో కడుపార భుజించును.