రాజధాని మేడల్లో మన వాటా ఎంత?
(నెల్లూరులో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

గ్రేటర్ రాయలసీమ రాష్ట్రం అనగానే నెల్లూరులో కొందరు పెద్దలు 'అది సీమవాళ్ల గొడవ, మనకెందుకు' అంటారు. వాళ్లకు నీళ్ల లెక్క చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనివాళ కట్టడాల లెక్క చెబుతాను. సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రి, గ్రంథాలయం... ఇవన్నీ కలిస్తేనే రాజధాని. అవి ఎక్కడుంటే ఉద్యోగం అక్కడ, చదువు అక్కడ, న్యాయం అక్కడ.

మొదట మద్రాసు సంగతి. 1953 దాకా మన రాజధాని అదే. బకింగ్‌హాం కాలువలో మన తీరం నుంచి బియ్యం, వంటచెరకు పడవలకెత్తి ఆ పట్నానికే పంపారు. చెపాక్‌లో సెనేట్ హౌస్‌ను చిషోమ్ దొర 1874లో మొదలుపెట్టి 1879లో పూర్తి చేశాడు. విక్టోరియా పబ్లిక్ హాలుకు 1883లో శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. దాన్ని కట్టిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. 1892లో పూర్తయిన హైకోర్టు ఎర్ర భవనం కూడా ఆయన కట్టించిందే. ఇంటిపేరు వింటేనే తెలియడంలా, ఎవరివాడో? ఆ హైకోర్టు గోపురం మీద వెలిగించిన దీపం సముద్రంలో ఓడలకు దారి చూపింది. మనకు మాత్రం దారి చూపలేదు.

మద్రాసు కోసం మనవాళ్లు అడగలేదా? అడిగారు. 1949 విభజన సంఘంలో ప్రకాశం పంతులు అసమ్మతి పత్రం రాశారు. మన జిల్లా ఇవాళ ఎవరి పేరు పెట్టుకుందో ఆ పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలారు. రాష్ట్రం వచ్చింది. మద్రాసు రాలేదు. మన సొమ్ము, మన చెమట కలిసిన ఆ మేడలన్నీ అక్కడే ఉండిపోయాయి. కట్టుబట్టలతో బయటికొచ్చాం.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని అయింది. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని గానీ, హైకోర్టు గానీ సీమ కోరుకున్నది సీమకు దక్కాలి. నెల్లూరు మిత్రులు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. భారీ నీటి ప్రాజెక్టుల్లో పదేళ్లపాటు రాయలసీమతో పాటు నెల్లూరు జిల్లాకు కూడా ప్రాధాన్యమివ్వాలని అదే ఒప్పందంలో రాసుకున్నారు. సీమను, నెల్లూరును ఒక్క తాటికి కట్టింది మేం కాదు, ఆనాటి పెద్దలే!

కర్నూలులో ప్రభుత్వం గుడారాల్లో నడిచింది. హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. గుడారాల చోట గోడలు లేపడానికి ఎంత కాలం పడుతుంది? మూడేళ్లు కూడా ఆగలేదు. హైదరాబాదులో తయారుగా ఉన్న మేడలు మనవాళ్ల కంటబడ్డాయి.

ఆ మేడలు ఎవరివి? నిజం నిజంలాగే మాట్లాడుకుందాం. మన శాసనసభ్యులు 58 ఏళ్లు చూసుకుని మురిసిన అసెంబ్లీ భవనం 1905లో మొదలై 1913లో పూర్తయిన టౌన్‌హాలు. మూసీ ఒడ్డున హైకోర్టు 1920లో ప్రారంభమైంది. దాని నమూనా జైపూర్ శంకర్‌లాల్‌ది, పని చూసింది విన్సెంట్ ఎష్. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని మళ్లీ కట్టుకుంటున్న కాలంలో లేచినవి హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైంది. ఇవన్నీ నిజాం సంస్థాన ప్రజల పన్నులతో లేచినవి. 'హైదరాబాదును మేమే కట్టాం' అన్నవాళ్లకు తెలంగాణ మిత్రులు ఈ కట్టడాల తేదీలు చూపించే జవాబు చెప్పారు. అందులో తప్పేముంది?

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది నిజాం కట్టించుకున్న హైదరాబాద్ హౌస్‌లోనే. ఆంధ్ర రాష్ట్రం తరఫున అక్కడ కూర్చున్న ముఖ్యమంత్రి మన నెల్లూరు జిల్లా బెజవాడ గోపాలరెడ్డి గారు. ఆ సంతకంతో కర్నూలు రాజధాని కథ ముగిసింది. శ్రీబాగ్ మాట ఎవరికీ గుర్తు రాలేదు. 2014 జూన్ 2న హైదరాబాదు కూడా చేజారింది. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరింది. సమైక్య రాష్ట్రం కట్టిన సచివాలయం బ్లాకులను 2020లో పడగొట్టారు. ఆ స్థలంలో తెలంగాణ కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న తెరిచారు. వాళ్ల నేల, వాళ్ల ఇష్టం. మన పన్నుల గుర్తు మాత్రం ఇటుక ముక్క కూడా మిగల్లేదు.

ఇక అమరావతి. అంతా ఒక్కచోటే కుప్ప పోయవద్దని, సంస్థలను పంచాలని శివరామకృష్ణన్ కమిటీ 2014లోనే చెప్పింది. వినలేదు. 33 వేల ఎకరాలకు పైగా సమీకరించి 2015 అక్టోబరు 22న శంకుస్థాపన చేశారు. హైకోర్టు కూడా 2019లో అక్కడికే పోయింది. కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేయడానికి 2024 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. శ్రీబాగ్ నుంచి లెక్కిస్తే 87 ఏళ్లు! అదీ మొత్తం హైకోర్టు కాదు, బెంచి.

మిత్రులారా, మన నెల్లూరు పురమందిరం ఏ రాజధానీ ఇచ్చింది కాదు. రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి దాతృత్వం. సొంతవాళ్లు సొంత ఊళ్లో కట్టింది ఎవరూ ఎత్తుకుపోలేరు. మనం అడిగే రాష్ట్రంలో కూడా ఈ మాట మరవకూడదు. హైకోర్టు ఒకచోట, సచివాలయం ఒకచోట, పెద్ద సంస్థలు నెల్లూరు సహా జిల్లాలన్నిటిలో ఉండాలి. ఒక్క నగరానికే అన్నీ తవ్విపోస్తే, రేపు మన పిల్లలు కూడా ఇలాంటి సభే పెట్టుకుంటారు.

విద్యార్థులూ, ఉద్యోగులూ ఊరూరా ఈ లెక్క చెప్పండి. మూడు రాజధానులకు పన్నులు కట్టినవాళ్లం. నాలుగోసారైనా మన మేడ మన నేల మీద లేవాలి.