కొత్తిమీర సబ్బు వాసన వస్తుందా?

ఈరోజు మన టాపిక్ కొత్తిమీర.

మా వదిన కొత్తగా కాపురానికొచ్చినప్పుడు చారులో కొత్తిమీర అంతా ఏరి కంచం అంచున పెట్టేది. అమ్మ మనసు చివుక్కుమంది. "నా వంట నచ్చట్లేదేమోరా" అంది నాతో. అడిగితే వదిన, "సబ్బు నాకినట్టుంటుంది" అంది. నేను పగలబడి నవ్వాను. వేషాలు అనుకున్నా.

తర్వాత చదివితే తెలిసింది, ఆమె చెప్పింది నిజమే! కొత్తిమీర ఆకు వాసనకి కారణం ఆల్డిహైడ్లు అనే పదార్థాలు. అలాంటివే సబ్బుల్లోనూ ఉంటాయి. వాసన పట్టే ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గర చిన్న తేడా ఉన్న కొందరికి ఆ సబ్బు వాసనే గట్టిగా తెలుస్తుంది. అయితే అంతా జన్యువులదే కాదు, చిన్నప్పటి అలవాటు కూడా ఉంటుంది. 2012లో వచ్చిన ఒక కెనడా సర్వేలో, తూర్పు ఆసియా మూలాల వాళ్లలో 21 శాతం మందికి కొత్తిమీర నచ్చలేదు. మన దక్షిణాసియా వాళ్లలో 7 శాతమే. అందుకే మనింట్లో అలాంటివాళ్లు ఒంటరైపోతారు.

ఒక చిట్కా ఏంటంటే, ఆకు నూరితే అందులోని ఎంజైములు ఆ ఆల్డిహైడ్లని మెల్లగా తగ్గిస్తాయి. పచ్చడి చేసి పెడితే వదిన "పర్లేదు" అంది. ఇప్పుడు అమ్మ వదిన గిన్నెలో చారు ముందే తీసి, తర్వాతే కొత్తిమీర వేస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా ఏరి పక్కన పెడుతుంటే, నవ్వే ముందు ఒక్కసారి అడగండి. మీకేది పడదో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!