‘అమ్మా, నేను అబ్బాయిని’ అంటే...



ఈవేళ నేను మీతో మాట్లాడబోయే విషయం మన పేరంటాల్లో వచ్చేది కాదు. ఒకవేళ వచ్చినా గొంతు తగ్గించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చెప్పుకునేది. ఆడపిల్లగా పుట్టి పెరిగిన బిడ్డ ఒకనాడు ఎదురుగా నిలబడి, “అమ్మా, నేను ఆడపిల్లని కాను, అబ్బాయిని” అంటే ఆ తల్లి ఏం చెయ్యాలి? వైద్యులు ఏం చెయ్యగలరు, ఏం చెయ్యలేరు?

ఇలాంటివారిని ట్రాన్స్ పురుషులు అంటున్నారు. అబ్బాయిగా పుట్టి స్త్రీగా బతికేవారిని మనం బజారులోనో, రైల్లోనో చూస్తూనే ఉంటాం. వీరు మాత్రం అంతగా కంటపడరు. ఎంచేతనంటే మన దేశంలో ఆడపిల్లగా పెరిగినవాళ్ళకి గడప దాటడమే కష్టం. చాలామంది ఇంట్లోనే, ఒక్కోసారి మెడలో పుస్తెలతోనే, మాట పెగలకుండా ఉండిపోతారు.

ఈ సంగతి మనకి బొత్తిగా కొత్తదా అంటే కాదు. భారతంలో శిఖండి కథ మనందరికీ తెలిసిందే. ద్రుపదుడి భార్యకి ఆడపిల్ల పుడితే కొడుకని చెప్పి పెంచారు, దశార్ణ రాజు కూతురినిచ్చి పెళ్ళి కూడా చేశారు. గుట్టు బయటపడి వియ్యంకుడు యుద్ధానికి వస్తానన్నప్పుడు, తన మూలంగా తల్లిదండ్రులకి ఇంత కష్టం వచ్చిందే అని శిఖండి ప్రాణం తీసుకుందామని అడవికి వెళ్ళిపోయాడు. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు తన మగతనం అరువిచ్చి కాపాడాడు. మనం ఆ పేరునే తిట్టుగా వాడుకుంటున్నాం గాని, చావబోయిన ఆ బిడ్డ మనసులో ఏముందో ఆలోచించం. అలా అడవి దారి పట్టే పిల్లలు ఈనాటికీ ఉన్నారు. అందుకే నేనీ విషయం ఎత్తుకున్నాను.

ముందుగా ఒక మాట. జుట్టు కత్తిరించుకుని, ప్యాంటు వేసుకుని, క్రికెట్ ఆడే ప్రతి అమ్మాయీ ఇలాంటిదని కంగారు పడకండి. వంటింటి పని చేతకాకపోవడం, పెళ్ళి వద్దనడం కూడా దీనికి గుర్తులు కావు. ఇక్కడ ఉన్నది వేరే సంగతి. తన శరీరం తనది కాదన్నట్టుగా ఏళ్ళ తరబడి ఉండే బాధ. సాధారణంగా ఇది పెద్దమనిషి అయ్యే వయసులో ముదురుతుంది. ఛాతీ ఎదగడం, నెలసరి మొదలవడం ఆ బిడ్డకి పిడుగుపాటులా ఉంటుంది. మనమేమో సరిగ్గా అప్పుడే పీటల మీద కూర్చోబెట్టి, ఓణీ వేసి, నలుగురినీ పిలిచి అక్షింతలు వేస్తాం. బిడ్డ ఏడిస్తే సిగ్గనుకుంటాం.

ఇది పిచ్చి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల పట్టిక పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఈ స్థితిని మానసిక వ్యాధుల అధ్యాయం నుంచి తీసేసి లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన అధ్యాయంలో పెట్టారు. అయితే వైద్య సహాయం కావలసిన స్థితి అని మాత్రం ఒప్పుకున్నారు. పిచ్చి కాదన్నాం గాని, బాధ లేదని కాదు. దాచుకుని దాచుకుని దిగులు పట్టుకోవడం, నిద్ర పట్టకపోవడం, చదువు దెబ్బతినడం, చచ్చిపోదామన్న తలంపు రావడం ఇలాంటివారిలో ఎక్కువగా కనిపిస్తాయి.

మరి మానసిక వైద్యుల దగ్గరికి ఎందుకు వెళ్ళాలి అంటారేమో. బిడ్డ మనసు మార్చడానికి కాదు. మాట తీసుకుని, ఈ భావం ఎన్నాళ్ళుగా ఉంది, దానితోబాటు దిగులు జబ్బు వంటిది ఇంకేమైనా ఉందా, చికిత్సలో లాభనష్టాలు తనకి బోధపడ్డాయా అని నిదానంగా చూడడానికి. “పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది” అని గాని, తాయెత్తులతో, కరెంటు షాకులతో మారుస్తామని గాని ఎవరన్నా అంటే నమ్మకండి. మద్రాసు హైకోర్టు 2021లో ఇలాంటి ప్రయత్నాలు తగవని చెప్పింది. 2022లో జాతీయ వైద్య కమిషన్ వీటిని డాక్టరు వృత్తికి తగని దుష్ప్రవర్తనగా ప్రకటించింది. పెళ్ళి చేసి పంపేస్తే ఒక బిడ్డ బాధ రెండు కుటుంబాల బాధ అవుతుంది, అంతే.

ఈ వైద్యం ఎలా మొదలైందో చెప్పుకోవాలంటే మైకేల్ డిలన్ అనే ఆయన కథ చెప్పాలి. 1915లో ఇంగ్లండులో ఆడపిల్లగా పుట్టారు. పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోతే మేనత్తలు పెంచారు. ఆక్స్‌ఫర్డులో చదివారు, పడవ పందాల్లో పేరు తెచ్చుకున్నారు. 1939లో ఒక డాక్టరు ఇచ్చిన టెస్టోస్టెరాన్ మాత్రలు, అంటే మగ హార్మోను, వాడడం మొదలుపెట్టారు. మనసు విప్పి చెప్పుకున్న మానసిక వైద్యుడే ఆ గుట్టు బయటపెట్టాడు. పని చేసే చోట అందరికీ తెలిసిపోయి ఊరు మారవలసి వచ్చింది. బ్రిస్టల్లో ఒక కార్ల షెడ్డులో పని చేసుకుంటూ గడ్డం, మీసం, గొంతు సంపాదించుకున్నారు. 1942లో ఛాతీ ఆపరేషను అయింది. 1944లో జనన పత్రంలో మగవాడని మార్పించుకున్నారు. 1946 నుంచి 1949 దాకా హెరాల్డ్ గిలీస్ అనే సర్జను, మొదటి ప్రపంచ యుద్ధంలో మొహాలు ఛిద్రమైన సైనికులకి కొత్త రూపమిచ్చిన ఆయన, పదమూడుకి తక్కువ కాకుండా ఆపరేషన్లు చేశారు. అదే కాలంలో డిలన్ డబ్లిన్‌లో వైద్యం చదువుతున్నారు. 1951లో డాక్టరై, ఓడల్లో ఉద్యోగం చేశారు.

1958లో పత్రికలవాళ్ళకి ఆయన పుట్టుక సంగతి దొరికింది. ఊరూరా పేరు మోగిపోయింది. తోడబుట్టిన అన్నగారు ముందునుంచీ దూరం పెట్టినవారే. ఆయన అన్నీ వదిలేసి మన దేశం వచ్చారు. కాలింపాంగ్‌లో, సారనాథ్‌లో ఉండి, లడఖ్‌లో బౌద్ధ ఆశ్రమంలో చేరి, 1962లో డల్హౌసీలో నలభై ఏడేళ్ళకే కన్నుమూశారు. ఆయన రాసుకున్న ఆత్మకథ అచ్చుకావడానికి యాభై ఏళ్ళు పైనే పట్టింది. మందులూ ఆపరేషన్లూ ఆయనకి కావలసిన శరీరాన్ని ఇచ్చాయి. నిలవనీడ మాత్రం సొంత మనుషులే ఇవ్వలేదు.

ఇక ఇప్పటి వైద్యం సంగతి. ఇది పద్ధెనిమిది నిండి, తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోగల వాళ్ళ విషయం. చిన్నపిల్లల చికిత్స గురించి దేశదేశాల డాక్టర్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. పన్నెండేళ్ళ బిడ్డ ఇలా అంటే తల్లి చెయ్యవలసిన మొదటి పని కూర్చుని వినడం.

హార్మోను మొదలుపెట్టే ముందు రక్తం, లివరు, కొలెస్టరాలు, బి.పి. పరీక్షిస్తారు. టెస్టోస్టెరాన్‌ని సాధారణంగా రెండు మూడు వారాలకొక ఇంజక్షనుగా గాని, చర్మానికి రాసుకునే జెల్‌గా గాని ఇస్తారు. మార్పు యక్షుడి వరంలా రాత్రికి రాత్రి రాదు. మొదటి నెలల్లో చర్మం జిడ్డుగా మారి మొటిమలు వస్తాయి. ఆరు నెలల లోపల చాలామందికి నెలసరి ఆగిపోతుంది. గొంతు బొంగురుపోయి క్రమంగా లావవుతుంది. కండ బలపడుతుంది. గడ్డం పూర్తిగా రావడానికి నాలుగైదేళ్ళు పట్టవచ్చు. మందు మానేస్తే నెలసరి తిరిగి రావచ్చు గాని, మారిన గొంతు, వచ్చిన గడ్డం, పోయిన తలజుట్టు వెనక్కి రావు. అంచేత మొదలుపెట్టే ముందే బాగా ఆలోచించుకోవాలి.

దీనివల్ల రక్తం మరీ చిక్కబడే ప్రమాదం ఉంది. మొదటి ఏడాది మూడు నెలలకోసారైనా పరీక్ష చేయించాలి. జిమ్ముల్లో, మందుల షాపుల్లో చీటీ లేకుండా కొని పొడిపించుకోవడం ప్రాణాంతకం. ఛాతీ కనపడకుండా గుడ్డ పట్టీలు బిగించి కట్టుకునే పిల్లలుంటారు. ఊపిరి అందదు, పక్కటెముకలు దెబ్బతింటాయి. ఇందుకని తయారుచేసిన బిగుతు బనీన్లుంటాయి. వాటినైనా రోజుకి ఎనిమిది గంటలు మించి వేసుకోకూడదు, పడుకునేటప్పుడు తీసెయ్యాలి.

నెలసరి ఆగింది గదా, ఇంక గర్భం రాదనుకోవడం పొరపాటు. టెస్టోస్టెరాన్ గర్భనిరోధకం కాదు. గర్భంలో శిశువుంటే దానికి హాని చేస్తుంది. గర్భసంచి, అండాశయాలు ఉన్నంతకాలం ఈ జాగ్రత్త ఉండాలి. 2023 ఫిబ్రవరిలో కేరళలోని కోజికోడ్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఒక ట్రాన్స్ పురుషుడు బిడ్డను కన్న వార్త మీరు పేపర్లో చదివే ఉంటారు. ముందుముందు బిడ్డలు కావాలనుకునేవారు హార్మోను మొదలుపెట్టక ముందే అండాలను భద్రపరచుకోవచ్చు. గర్భసంచి ముఖద్వారం ఉన్నవారు మన ఆడవాళ్ళలాగే క్యాన్సరు పరీక్ష కూడా చేయించుకుంటూ ఉండాలి.

ఆపరేషన్లలో ఎక్కువమంది చేయించుకునేది ఛాతీది. కొందరు గర్భసంచి తీయించుకుంటారు. పురుషాంగాన్ని రూపొందించే ఆపరేషన్లు కష్టమైనవి, విడతలు విడతలుగా చెయ్యవలసినవి. అందరూ అన్నీ చేయించుకోవాలనేమీ లేదు. కొందరు హార్మోనుతోనే ఆగిపోతారు, మరికొందరు ఏదీ వద్దని పేరూ బట్టలూ మార్చుకుని హాయిగా ఉంటారు. చేయించుకున్నాక పశ్చాత్తాపపడేవారు కొద్దిమందేనని ఇంతవరకు వచ్చిన పరిశీలనలు చెబుతున్నాయి. కొద్దిమందైనా ఉన్నారు గనకే డాక్టర్లు తొందరపడరు, మనమూ తొందరపెట్టకూడదు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరి హక్కులను గుర్తించింది. 2019లో పార్లమెంటు చట్టం చేసింది, 2020లో నిబంధనలు వచ్చాయి. ఇలాంటి నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక కలెక్టరాఫీసులోనో, న్యాయసేవా సంస్థలోనో కనుక్కుని అడుగు వెయ్యడం మంచిది.

ఇక తల్లి మనసు. కూతురికని దాచిన గాజులు, పట్టుచీరలు, చూసిన సంబంధాలు... ఇవన్నీ ఏమైపోవాలి అని గుండె బరువెక్కుతుంది. అది సహజం. ఏడవాలనిపిస్తే ఏడవండి, కాని బిడ్డ ఎదుట “నువ్వు చచ్చినా బావుండేది” అనే మాట మాత్రం నోట రానివ్వకండి. ఆ మాటని పిల్లలు నిజం చేసేసుకుంటారు. ఇంటాయన కోపిష్టి అయితే ముందు మీరు తెలుసుకుని, సమయం చూసి చెప్పండి. బిడ్డ మాటల్లో చావు తలంపు కనపడితే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పిలుపు దగ్గర చాలామందికి నోరు తిరగదు. మన తెలుగులో ఒక వెసులుబాటు ఉంది, చూడండి. “తిన్నావా, ఎప్పుడొచ్చావ్” అని ఎదురుగా అడిగేటప్పుడు ఆడా మగా తేడా లేదు. ఆడపిల్లల్ని సైతం “నాన్నా, కన్నా” అని ముద్దుగా పిలుచుకునేవాళ్ళం మనం. అక్కడినుంచి మొదలుపెట్టండి. “వచ్చింది” అనే చోట “వచ్చాడు” అనడానికి కొన్నాళ్ళు పడుతుంది. మధ్యలో నోరు జారితే దిద్దుకుని ముందుకి పొండి. మీరు దిద్దుకుంటున్నారని బిడ్డకి తెలిస్తే చాలు, సగం బెంగ తీరుతుంది.

రేపు మీ పక్కింట్లోనో, చుట్టాల్లోనో ఇలాంటి మాట వినపడితే, ఆ తల్లిని చాటుగా వేలెత్తి చూపించకండి. ఆవిడ ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చోండి. పిల్లవాడి కొత్త పేరేమిటో అడిగి, ఆ పేరుతోనే పలకరించి రండి.