సైబర్ కాపలాకు మన గంజాం పిల్లలు

పురుషోత్తంపూర్‌లో తెలుగు సభకు అధ్యక్షత వహించడం నాకు దక్కిన గౌరవం. సాహిత్య సభలో సైబర్ భద్రత ఉద్యోగాల ఊసెందుకని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. మన పిల్లలకు తెలుగు నిలబెట్టాలని ఇన్నేళ్ళుగా తాపత్రయపడుతున్నాం. ఆ తెలుగుతో, బడిలో నేర్చిన ఒడియాతో, బజారు హిందీతో, కాలేజీ ఇంగ్లీషుతో వాళ్ళు ఎలా బతుకుతారన్నది కూడా ఈ సభ పట్టించుకోవలసిన సంగతే.

1936 ఏప్రిల్ 1న మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీని వదిలి ఒడిశాలో చేరింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే మనవాళ్ళు గోపాలపురంలో స్టీమరెక్కి రంగూన్ పోయేవారు. తర్వాతి తరాలు సూరత్ మరమగ్గాల దగ్గరికి పోయాయి. వలస మనకు కొత్త కాదు. ఈ తరానికి ఎదురైన వలస మాత్రం భయం పుట్టిస్తోంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఆశపెట్టి కుర్రాళ్ళను కంబోడియా పంపించిన ముఠా అది. అక్కడ వాళ్ళను నిర్బంధించి, మన దేశంలోని వాళ్ళకే ఫోన్లు చేయించి డబ్బు కాజేయించారు. 2025 మార్చిలో మయన్మార్ మోసాల కేంద్రాల నుంచి బయటపడిన 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో ఇంటికి చేర్చవలసి వచ్చింది. మన తాతలు బియ్యం మిల్లుల్లో, రేవుల్లో చెమటోడ్చిన బర్మా దేశమే అది!

ఆ ముఠాలు ఈ పిల్లలనే ఎందుకు ఏరుకుంటాయి? వీళ్ళకు నాలుగు భాషలు వచ్చు, కంప్యూటరు వచ్చు, ఎదుటివాడు నమ్మేలా మాట్లాడటం వచ్చు. ఇవే మూడు గుణాలకు న్యాయమైన జీతమిచ్చే సైబర్ కాపలా కొలువులు ఇప్పుడు ప్రతి రంగంలోనూ తెరుచుకుంటున్నాయి. నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే.

బ్యాంకులతో మొదలుపెడతాను. 2016 ఫిబ్రవరిలో దొంగలు బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు వ్యవస్థలోకి చొరబడి, న్యూయార్క్‌లోని దాని ఖాతా నుంచి దాదాపు 100 కోట్ల డాలర్లు లాగబోయారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు పోయాయి. శ్రీలంకకు వెళ్ళవలసిన 2 కోట్ల డాలర్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయంటే, డబ్బు అందుకోవలసిన సంస్థ పేరులో ‘ఫౌండేషన్’ అన్న మాటను దొంగలు ‘ఫాండేషన్’ అని రాశారు. మధ్యలో ఉన్న డాయిష్ బ్యాంక్ సిబ్బందికి ఆ తప్పు కంట్లో పడింది, వివరం అడిగారు. అచ్చుతప్పును పట్టే కన్ను అంత సొమ్ము కాపాడింది! ప్రూఫులు దిద్దిన మన సంపాదకులకు ఆ కన్ను విలువ వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో 2022 జనవరిలో మహేశ్ సహకార బ్యాంకు 12 కోట్ల రూపాయలకు పైగా పోగొట్టుకున్నప్పుడు, సిబ్బంది తెరిచిన ఫిషింగ్ (ఎర వేసే) మెయిలే దొంగలకు దారి ఇచ్చిందని పోలీసులు తేల్చారు. అక్కడ లోపించింది ఆ కన్నే.

ఆసుపత్రుల సంగతి ఇంకా దగ్గరిది. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ బారిన పడడంతో, రోజుల తరబడి రోగుల చీటీలు చేత్తో రాశారు. అంతకుముందు 2017 మేలో వాన్నాక్రై అనే అలాంటి రాన్సమ్‌వేర్ దాడి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను తాకింది. అదే వారంలో మన బరంపురం సిటీ ఆసుపత్రి కంప్యూటర్లకూ అదే సోకిందన్న అనుమానం వచ్చిందని వార్తలు వచ్చాయి. రేవులూ తప్పించుకోలేదు. ఆ మరుసటి నెలలో నాట్‌పెట్యా అనే మరో దాడి ముంబయి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్‌ను ఆపేసింది. గోపాలపురం రేవుకూ ఆ ముప్పు ఉన్నట్టే. విద్యుత్ రంగంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. విద్యుత్ సంస్థలన్నీ సమాచార భద్రతకు బాధ్యుడైన అధికారిని నియమించుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లోనే మార్గదర్శకాలిచ్చింది.

చట్టం కూడా కొలువులు పుట్టిస్తోంది. దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోగా తనకు తెలియజేయాలని, లాగ్‌లు (కంప్యూటర్లలో జరిగిన పనుల చిట్టాలు) 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు, ఫైలు మారలేదని చూపే హాష్ విలువ ఉన్న ధ్రువపత్రం కోర్టుకివ్వాలి. అంటే లా చదివిన పిల్లకూ, కామర్స్ చదివి ఆడిట్ నేర్చిన కుర్రవాడికీ ఇందులో చోటుంది. ఆ 6 గంటల్లో ఏం జరిగిందో, ఎంత తెలుసో, ఇంకా ఏం తేలాలో పొల్లు మాట లేకుండా ఎవరో ఒకరు రాయాలి. అంత ఒత్తిడిలో స్పష్టంగా రాయగలిగినవాళ్ళు ఏ సంస్థలోనైనా అరుదు. మాట పొదుపు నేర్పే సాహిత్యం ఇక్కడ అన్నం పెడుతుంది.

కొత్తగా చేరేవాళ్ళకు ఎక్కువగా దొరికేది సైబర్ నిఘా కేంద్రంలో షిఫ్టు పని. రాత్రంతా తెర మీద హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, వాటిలో నిజమైనవి కొన్నే. ఈ ఊరికి దగ్గర్లోని జౌగడ శిల మీద, అసూయ, కోపం, తొందరపాటు, బద్ధకం, అలసట దరిచేరకుండా పనిచేయాలని అశోకుడు సమాపా నగర మహామాత్రులకు ఆజ్ఞ చెక్కించాడు. పుష్యమి నక్షత్రం నాడల్లా దాన్ని చదివి వినిపించమన్నాడు. ఆ నగర న్యాయాధికారుల కోసం రాసినా, తెల్లవారుజామున మూడింటికి హెచ్చరికను కొట్టిపారేయాలా, పైవాళ్ళను నిద్ర లేపాలా అని తేల్చుకోవలసిన ఉద్యోగికి అంతకన్నా పనికొచ్చే నియమావళి నాకు కనబడలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మూడు నెలల కోర్సు, ఖాయమైన ఉద్యోగం, లక్షల్లో ఫీజు అన్న ప్రకటన చూసి అప్పు చేయకండి. నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో, లినక్స్ ఏమిటో, లాగ్ ఎలా చదవాలో తెలియకుండా సర్టిఫికెట్ ఒక్కటే నిలబెట్టదు. ఇవి నేర్చుకోవడానికి కేంద్ర ప్రభుత్వపు సమాచార భద్రతా శిక్షణ పథకం ఐసియా (ISEA) ఉంది, నైలిట్ (NIELIT) కోర్సులున్నాయి, బరంపురంలోనే ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. విదేశీ ఉద్యోగమంటే ముందు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు నమోదయ్యాడో లేదో చూడండి. ఎవరైనా మోసపోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మోసగాళ్ళు మన భాషల్లోనే మాట్లాడుతున్నారు. వాళ్ళ మాటతీరును పసిగట్టి, పింఛను తీసుకునే తాతగారికి, స్వయం సహాయక బృందంలోని అక్కచెల్లెళ్ళకు అర్థమయ్యేలా హెచ్చరించడం ఢిల్లీలో కూర్చున్నవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. గంజాం తెలుగు, గంజాం ఒడియా రెండూ ఎరిగినవాళ్ళు కావాలి. అందుకే సభ ముగిసేలోగా మూడు తీర్మానాలు చేయమని కోరుతున్నాను. కథల పోటీతో పాటు సైబర్ మోసాల మీద తెలుగు, ఒడియాల్లో వ్యాసాల పోటీ పెట్టాలి. ఈ రంగంలో హైదరాబాద్, బెంగళూరుల్లో పనిచేస్తున్న మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు కాలేజీ విద్యార్థులతో ఒక పూట కూర్చోబెట్టాలి. మన గ్రంథాలయాల్లో ఈ విషయం మీద ఒక అర కేటాయించాలి. మొదటిదానికి బహుమతి సొమ్ము నేనిస్తాను. మిగతా రెండింటికి బాధ్యులెవరో మధ్యాహ్నం గోష్ఠిలో పేర్లతో సహా నిర్ణయించండి.