ఆటల పీరియడ్ మన ఆడపిల్లలకూ ఉంది
(గంభీరావుపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాయామ విద్య ఎవరో దయతో ఇచ్చేది కాదు. ప్రతి బడికీ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. 6 నుంచి 8 తరగతులలో 100 మందికి మించి పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలి. 9, 10 తరగతులు ఆ చట్టం పరిధిలో లేవు. సరిగ్గా ఆ వయసులోనే మన బాలికలు అనేకులు మైదానం విడిచి తరగతి గదిలో కూర్చుంటున్నారు.

దుస్తులు అడ్డమనకండి. తలవస్త్రాన్ని 2014లో ఫిఫా, 2017లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య అనుమతించాయి. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్‌ను మైదానానికి తీసుకెళ్ళింది కన్నతండ్రే. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది.

పతకాలు అందరికీ రావు, రానక్కరలేదు. రక్తహీనత గురించి, నెలసరి గురించి సంకోచం లేకుండా చెప్పే టీచరమ్మ మాత్రం ప్రతి బాలికకూ కావాలి. ఈ వారమే బడికి వెళ్ళి టైంటేబుల్ చూపించమనండి, ఆటల పీరియడ్‌లో మా అమ్మాయి ఎక్కడుంటోందని అడగండి. తండ్రులే కాదు, తల్లులూ వెళ్ళండి.